పాట ఆపించిన పూట

ఆసుపత్రి లాండ్రీలో ఆమెను అందరూ మడతక్క అనేవారు. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. ఆమె దుప్పటి మడిచిందంటే నాలుగు కొసలూ అతికించినట్టు ఒకదాని మీద ఒకటి కూర్చునేవి. పై అంతస్తుల్లోని నర్సులు కట్ట విప్పగానే ఇవి ఆవిడ మడతలేనని పోల్చుకునేవారు. మనిషి పొడుగు, మాట పొట్టి. ఎవరైనా పలకరిస్తే తలూపేది, రెండోసారి పలకరిస్తే నవ్వేది, మూడోసారికి గానీ నోరు విప్పేది కాదు.

అలాంటి మనిషికి పాట అంటించింది పిచ్చుక.

లాండ్రీ ఆసుపత్రి అడుగున, నేలమాళిగలో ఉండేది. మాసిన బట్టలు పైనుంచి రేకు గొట్టంలో జారి పెద్ద తొట్టిలో పడేవి. వాటిని మరకల్ని బట్టి వేరుచేసి, ఉతికే డ్రమ్ముల్లో వేసి, పిండే యంత్రంలో తిప్పి, ఇంకా చెమ్మ ఉండగానే రోలరు దగ్గరికి తోసుకొచ్చేవారు. ఆ రోలరే ఆ గదికి రాజు. మనిషి నడుమంత లావున రెండు ఉక్కు దిమ్మలు, మంచం పొడుగున, ఒకదాని మీద ఒకటి తిరుగుతూ ఉంటాయి. లోపల ఆవిరి కాగుతూ ఉంటుంది. ఇటు చెమ్మ దుప్పటి పెడితే అటు పొడిగా, ఇస్త్రీ అయి వస్తుంది. పెట్టడానికి ఇటువైపు ఇద్దరు నిలబడాలి. చెరో కొసా పట్టుకుని, దులిపి, ముడత లేకుండా రోలరు ముందు కదిలే పట్టీ మీద పరిచి, రోలరు అందుకోగానే చేతులు తీసేయాలి. ఒకరు ముందూ ఒకరు వెనకా అయితే దుప్పటి వంకరపోతుంది. వంకరపోయింది కదా అని చెయ్యి చాచితే అంతే సంగతులు.

అందుకని రోలరు ముందర అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉండేది. వేలు తగిలినా చాలు, యంత్రం టక్కున ఆగిపోయేది.

అందరూ పిచ్చుక అని పిలిచే ఆ పిల్ల వచ్చేనాటికి మడతక్క ఆరేళ్ళ పాతకాపు. పిచ్చుకకు పాతికేళ్ళు ఉంటాయేమో. చిన్న మనిషి, భుజానికి కూడా రాదు, నోరు మాత్రం నిమిషం మూతపడదు. చేరిన రోజే సూపర్‌వైజరును చూసి, "ఆయన నవ్వితే దుప్పటి మీద ముడతొచ్చినట్టుంటుందక్కా, వెంటనే సాపు చేసేసుకుంటాడు" అంది. మడతక్కకు నవ్వు ఆగలేదు. అప్పుడు చేతిలోని కొస జారింది, ఆ దుప్పటి ఎలుగుబంటి పడుకుని లేచినట్టు బయటికొచ్చింది.

మొదటి వారమంతా అంతే. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి. ఒకరి చెయ్యి ఎత్తుగా, ఒకరిది దిగువగా. ఏ దుప్పటీ తిన్నగా పోయేది కాదు. కడ్డీకి చెయ్యి తగిలి యంత్రం ఆగినప్పుడల్లా సూపర్‌వైజరు గాజుగదిలోంచి తల బయటపెట్టేవాడు. రెండోవారంలో ఒకరోజు పిచ్చుక ఏదో కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి దానికి మాటలు కూడా అతికించింది.

పట్టుకో అక్కా పట్టుకో
కొసా కొసా పట్టుకో
దులుపూ దులుపూ దులిపి చూడు
సాపు చేసి వదిలెయ్

'పట్టుకో' అన్నప్పుడు కొసలు అందుకోవడం, 'దులుపూ' అన్నప్పుడు దులపడం, 'వదిలెయ్' అన్న చోట నాలుగు చేతులూ గాల్లోకి లేవడం. ఆ మాట దగ్గర ఎవరి చెయ్యీ రోలరు దరిదాపుల్లో ఉండేది కాదు. పాట అందుకున్నాక ఒక్క దుప్పటి వంకరపోలేదు, కడ్డీ అవసరమే రాలేదు. మడతక్క మొదట పెదాలు కదిపేది, తర్వాత గొణిగేది, ఏడాది తిరిగేసరికి గొంతు విప్పి పాడేది. ఆ మనిషికి గొంతుందని అప్పుడే తెలిసింది అందరికీ. ఆమెకు కూడా.

ఏడేళ్ళు అలా గడిచాయి. మధ్యాహ్నం వెచ్చటి తువ్వాళ్ళ కట్టలకు ఆనుకుని డబ్బాలు తెరిచేవారు. పిచ్చుక తన డబ్బాలోది ముందు మడతక్కకు పెట్టి, ఆమె డబ్బాలోంచి అడక్కుండానే తీసుకునేది. పెళ్ళి మాటెత్తితే మాట దాటేసేది.

"నేను పోతే మా అమ్మకి సూదిలో దారం ఎవరెక్కిస్తారక్కా?"

తల్లి ఇంట్లోనే కుట్టు పని చేసేది. పేటలో అందరూ ఆవిడను మిషనమ్మ అనేవారు. కళ్ళు మసకబారుతున్నా చేతి అలవాటుతోనే కుట్టుకొచ్చేది. దారం ఎక్కించడం మాత్రం కూతురి పని.

మడతక్కకు పిల్లలు లేరు. ఒకసారి కడుపు నిలిచి, ఆరో నెలలో పోయింది. అదే ఆసుపత్రిలో, నాలుగో అంతస్తులో పడుకున్నప్పుడు పిచ్చుక పని దిగగానే నేరుగా పైకి వచ్చేది. ఓదార్పు మాటలేవీ అనేది కాదు. మంచం అంచున కూర్చుని, కప్పిన దుప్పటి కొస సరిచేస్తూ, ఆ పాటనే మాటల్లేకుండా పాడేది. మడతక్క గోడవైపు తిరిగి వినేది. ఆ నాలుగు రోజులూ తను బతికిందంటే దాని పుణ్యమేనని తర్వాత భర్తతో అంది.

ఆ భర్తది సరుకుల వ్యాను నడిపే పని. పిల్ల పోయిన మరుసటి ఏడు అతని నడుము పట్టేసింది, మళ్ళీ తిన్నగా కూర్చోలేదు. ఇల్లు మడతక్క చేతుల మీద పడింది.

ఆసుపత్రికి కొత్త వార్డులు కట్టారు. దుప్పట్లు ఒకటికి రెండయ్యాయి, మనుషులు మాత్రం పెరగలేదు. ఆ హడావుడిలో చేతులు ఊరికే కడ్డీకి తగులుతున్నాయని, యంత్రం ఆగుతోందని, పని వెనకబడుతోందని సూపర్‌వైజరు ఒక పొద్దున ఇనుప తీగ తెచ్చి కడ్డీని పైకెత్తి కట్టేశాడు. అడిగితే, మీకు పాట ఉందిగా అన్నాడు. పిచ్చుక కూడా నవ్వేసింది. కడ్డీ లేకపోయినా పాట కాపాడుతుందనే వాళ్ళ ధీమా. నాలుగు నెలలు కాపాడింది కూడా.

ఆ తర్వాత ఒకరోజు పెద్దవాళ్ళెవరో ఆసుపత్రి చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. ముందురోజంతా నేల కడిగారు, గోడలకు సున్నం కొట్టారు. ఆ పొద్దున సూపర్‌వైజరు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి అందరినీ వరసగా నిలబెట్టాడు.

"ఈ పూట ఎవరూ నోరు తెరవకండి. ఇది ఆసుపత్రి, పాటకచేరీ కాదు. ముఖ్యంగా మీరిద్దరూ."

పిచ్చుక తలూపింది. రోలరు దగ్గరికి వెళ్తూ, ఇవాళ మూగనోము అక్కా అని చెవిలో ఊదింది. అదే ఆ మనిషి మడతక్కతో అన్న ఆఖరి మాట.

పాట లేకుండా చేతులకు దారి తెలియలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పెట్టారు. పది దుప్పట్లు బాగానే పోయాయి. తర్వాత మెట్ల మీద బూట్ల చప్పుడైంది, గాజుగది తలుపు తెరుచుకుంది. వచ్చినవాళ్ళు ఎలా ఉన్నారోనని మడతక్క అటు చూసింది. ఒక్క క్షణం, అంతకన్నా లేదు. ఆమె పట్టుకున్న కొస వెనకబడింది. దుప్పటి ఆమె వైపు ముడుచుకుపోతుంటే, సరిచేద్దామని అవతలినుంచి పిచ్చుక వంగి చెయ్యి చాచింది.

కడ్డీ ఉండాల్సిన చోట గాలి ఉంది.

మడతక్క అరిచిందట. ఆమెకు గుర్తులేదు. యంత్రం ఆపడానికి అటు గోడ దగ్గర మీట వరకు పరుగెత్తాలి, పదమూడు అడుగులు. తర్వాత ఆమె ఆ అడుగులు చాలాసార్లు లెక్కపెట్టుకుంది.

పిచ్చుక మూడు రోజులు పైన వార్డులో కొనఊపిరితో ఉంది. ఆమె మీద కప్పిన దుప్పటి ఆ వారంలో తాము ఇద్దరూ కలిసి పంపినదే. మడతక్క చూడగానే పోల్చుకుంది. మూడో రోజు పొద్దున ఆ దుప్పటి కూడా మాసిన బట్టల గొట్టంలో జారి కిందికొచ్చింది.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. మర్యాదస్తుడే, గొంతు పెంచలేదు. గాజుగదిలో కుర్చీ వేసి మడతక్కను కూర్చోబెట్టాడు. సూపర్‌వైజరు ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు.

"మీరిద్దరూ పనిలో పాటలు పాడేవారటగా?"

"పాడేవాళ్ళమండి."

"రోజూనా?"

"రోజూనండి."

అధికారి రాసుకున్నాడు. ఆ రోజు పాడారా అని అడగలేదు. కడ్డీ సంగతీ అడగలేదు. కడ్డీ అప్పటికే దాని చోటికి దిగి ఉంది. తీగ ముక్క కూడా ఎక్కడా లేదు. మడతక్క నోరు తెరవబోయింది. కుర్చీ వీపు మీద సూపర్‌వైజరు చెయ్యి పడింది. కుర్చీ మీదే, ఆమె మీద కాదు. మీ ఆయన నడుము ఎలా ఉందమ్మా అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

కాగితం ఆమె ముందు పెట్టారు. చదవడం రానిదైతే ఎంత బాగుండేదో. ఆమె చదివింది. 'పాట పాడుతూ ఏమరుపాటుగా ఉండి, తన సొంత అజాగ్రత్త వలన' అని ఉంది. రెండుసార్లు చదివింది. పేరు రాసి కింద గీత కూడా గీసింది. చెయ్యి వణకలేదు. తర్వాత జీవితమంతా ఆమెను కాల్చింది అదే. చెయ్యి వణకనైనా వణకలేదు.

ఇంటికొచ్చి భర్తకు చెప్పింది. అతను పైకప్పు చూస్తూ, "పెట్టకపోతే రేపటినుంచి మనమేం తింటామే?" అన్నాడు. అందులో తప్పేమీ లేదు. ఇంక ఆ మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు.

లాండ్రీ గోడ మీద బోర్డు వేలాడదీశారు, పని వేళల్లో పాడరాదని. మిషనమ్మకు ఒక కవరు వచ్చింది. పక్కింటివాళ్ళు చదివి వినిపించారు. తప్పు మనిషిదే కనుక ఆసుపత్రికి బాధ్యత లేదని ఉంది. ఆవిడ బాధ్యత సంగతి పట్టించుకోలేదు. "పాడుతూ ఉండగానా?" అని మాత్రం అడిగిందట. ఔనని చెప్పారు. ఆ మర్నాడు ఇంట్లో ఉన్న రేడియో ఎవరికో ఇచ్చేసింది. వీధిలో ఎవరి ఇంట్లోనైనా పాట పెద్దగా పెడితే వెళ్ళి తలుపు కొట్టి ఆపించేది. పాటే మింగింది నా పిల్లని అనేది. పేటవాళ్ళు పాపమని ఊరుకునేవారు.

మడతక్క ఆ మాట స్వయంగా విన్నది. పరామర్శకు వెళ్ళిన రోజునే విన్నది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదని తెలుసు. రేపు చెబుదామనుకుంది. ఆ రేపు పదకొండేళ్ళయింది.

ప్రతి ఆదివారం మాత్రం వెళ్ళేది. కూరలు పట్టుకెళ్ళేది, ఇల్లు ఊడ్చేది, వారానికి సరిపడా పది సూదుల్లో దారం ఎక్కించి దిండుకు గుచ్చిపెట్టేది. మిషనమ్మ ఆమెను అమ్మాయీ అనేది. ఈ కాలంలో చచ్చినదాని స్నేహం ఇంతగా గుర్తుపెట్టుకునేవాళ్ళెవరని వీధంతా చెప్పుకునేది. ఆ పొగడ్త వినపడినప్పుడల్లా మడతక్కకు సొంత బట్టల్లోంచి మాసిన వాసన వస్తున్నట్టు ఉండేది.

మరి పాట ఏమైంది? అది పోలేదు. మొదటి ఏడాది దాన్ని తరిమికొట్టడానికి చూసింది. రోలరు ముందు నిలబడితే చాలు, పిలవకుండానే వచ్చేది. రెండో ఏడు ఒకరోజు పిచ్చుక మొహం గుర్తుకు తెచ్చుకుందామంటే రాలేదు. కళ్ళు ఎలా ఉండేవి? పన్ను ఏ వైపుది వంకర? మిషనమ్మ ఇంట్లో ఫోటో ఉంది, కానీ ఫోటోలోది ఎవరో బిగుసుకుని నిలబడ్డ అమ్మాయి. మడతక్క బెదిరిపోయింది. ఆ రోజు రోలరు ముందు పెదాలు బిగించి, గొంతులోనే పాట అందుకుంది. నాలుగో పాదానికి పిచ్చుక గొంతు వచ్చేసింది, 'వదిలెయ్' ముందు అది తీసుకునే చిన్న ఊపిరితో సహా. ఆ ఊపిరి వెనకే మొహం కూడా వచ్చింది.

ఇక అప్పటినుంచి వదల్లేదు. యంత్రం హోరులో ఎవరికీ వినపడదు. బోర్డు కిందనే నిలబడి, నోరు మూసుకుని, రోజుకు కొన్ని వందలసార్లు పాడింది. జోడీలు మారారు. ఒకరు మానేశారు, ఒకరు వార్డుల్లోకి మారారు. ప్రతి ఒక్కరూ ఆమె భుజాల కదలిక చూసి చేతులు కలిపేవారు. నీ దగ్గర పని భలే తేలిగ్గా నడుస్తుందక్కా అనేవారు. ఎందుకో వాళ్ళకు తెలియదు. పదకొండేళ్ళు చచ్చిపోయిన మనిషి తాళానికి ఆ ఆసుపత్రి దుప్పట్లన్నీ ఇస్త్రీ అయ్యాయి.

పదకొండో ఏడు ఒక ఆదివారం, పొద్దున పదీ పదకొండు మధ్య. మిషనమ్మ ఉతికిన దుప్పటి తీగ మీంచి తీసి, మడత పెడదాం రా అమ్మాయీ అంది. ఇద్దరూ పెరట్లో చెరో వైపు నిలబడ్డారు. కొసలు అందుకున్నారు. మిషనమ్మది పొట్టి చెయ్యి, దిగువగా పట్టుకుంది, అచ్చం కూతురిలాగే. ఎండ వెనకనుంచి పడుతోంది. మడతక్క నోరు తన మాట వినలేదు. పదకొండేళ్ళుగా లోపల తిరుగుతున్నది, అక్కడ యంత్రం హోరు లేదన్న సంగతి మరిచి బయటికొచ్చేసింది. పట్టుకో అక్కా పట్టుకో.

మిషనమ్మ చేతిలోని కొసలు వదిలేసింది. దుప్పటి మట్టిలో పడింది.

"ఆ పాట నా ఇంట్లో వద్దు."

మడతక్క వంగి, దుప్పటి పక్కనే కూర్చుంది.

"పిన్నీ, ఆ పూట అది పాడలేదు."

"ఏ పూట?"

"ఆ పూట. పాడొద్దని నోళ్ళు కట్టేశారు. పాడి ఉంటే నా చెయ్యి వెనకబడేది కాదు. అది వంగేదే కాదు."

ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలిసి అంతా ఒక్క బిగిన చెప్పేసింది. కడ్డీ, తీగ, బూట్ల చప్పుడు, తను పక్కకు చూసిన చూపు, కాగితం, కాగితంలో ఉన్న మాట, తను చదివి మరీ పెట్టిన సంతకం. మిషనమ్మ నిలబడే విన్నది. ఏడవలేదు. అయిపోయాక గుమ్మం మెట్టు మీద నెమ్మదిగా కూర్చుంది.

"మళ్ళీ పాడు."

మడతక్కకు అర్థం కాలేదు.

"ఇందాకటిది. మొత్తం పాడు."

మడతక్క పాడింది. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి మిషనమ్మ చెయ్యెత్తి ఆపింది.

"అక్కడ కింద పడేయకూడదు. పైకి లేపి అక్కడే ఉంచాలి." అని, పదకొండేళ్ళుగా పాట ఎత్తని ఆ గొంతుతో, బొంగురుగా, ఒక్కసారి పాడి చూపించింది. మాటల్లేవు, రాగం ఒక్కటే. చివర పైకి లేచి గాల్లో నిలబడింది.

మడతక్క తలెత్తి చూసింది. అది పిచ్చుక గొంతే. అవును, ఆ రాగం పైకే లేచేది, చేతులు లేచినట్టు. తను ఎప్పటినుంచి దాన్ని కిందికి దింపేసిందో తెలియదు. ఇన్నేళ్ళూ కాపాడుతున్నాననుకున్నదాన్ని రోజుకింత అరగదీస్తూనే వచ్చిందన్నమాట.

"మీకెలా తెలుసు పిన్నీ?"

"అది నాది." మిషనమ్మ తన పాదాల వంక చూసుకుంటూ అంది. "మిషను తొక్కుతూ పాడేదాన్ని. అది చంటిదిగా ఉన్నప్పుడు పక్కన పడుకోబెట్టుకుని, ఈ రాగం ఎత్తితేనే నిద్రపోయేది. మాటలు దానివి. రాగం నాది. పాడుతూ ఉండగా పోయిందంటే, నేను నేర్పినదే దాన్ని చంపిందనుకున్నాను. పదకొండేళ్ళు."

మడతక్క ఆవిడ కాళ్ళ దగ్గరికి జరిగింది. క్షమించమని అడగాలనుకుంది గానీ, ఆ మాట చిన్నదైపోయింది. తను పిచ్చుక మీద మాత్రమే సంతకం పెట్టాననుకుంది. ఈ తల్లి మీద కూడా పెట్టింది.

"ప్రతి ఆదివారం వచ్చావు. సూదుల్లో దారం ఎక్కించావు. ఒక్క ఆదివారం నోరు రాలేదా అమ్మాయీ?"

మిషనమ్మ లేచింది. మట్టిలో పడిన దుప్పటిని తనే తీసుకుని, దులిపి, ఒక్కతే గుండెకు ఆనించి ఎలాగోలా మడత పెట్టుకుంది.

"ఇంక రాకు. నాకు నీ మీద కోపం కూడా రావట్లేదు, అందుకే చెబుతున్నా. రాకు."

మడతక్క బయటికి వచ్చింది. తలుపు గట్టిగా కూడా వేయలేదు ఆవిడ. మామూలుగా దగ్గరికి వేసి గడియ పెట్టుకుంది.

మర్నాడు మడతక్క తెల్ల కాగితం మీద జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి ఆసుపత్రి ఆఫీసుకు పట్టుకెళ్ళింది. ఈసారి చెయ్యి వణికింది. అక్కడి గుమాస్తా మంచివాడే, కూర్చోమని, మొత్తం చదివాడు. పదేళ్ళు దాటిన కాగితాలు పోయిన నెల తగలబెట్టేశామని చెప్పాడు. ఆ పాత కాగితమే లేనప్పుడు మీరు రాసింది దేనికి జత చేస్తామన్నాడు. ఎవరి పేరుమీదా ఇప్పుడు తప్పు లేదు కదమ్మా, ఇంటికెళ్ళండన్నాడు.

వారం ఆగి సూపర్‌వైజరును వెతుక్కుంటూ వెళ్ళింది. ఆయన పదవి విరమించి నాలుగేళ్ళయింది. వరండాలో కుర్చీ వేసుకుని, కాళ్ళ మీద శాలువా కప్పుకుని కూర్చున్నాడు. ఆమెను గుర్తుపట్టాడు. నీ మడతలు మడతలమ్మా అని మెచ్చుకున్నాడు కూడా. పిచ్చుక సంగతి ఎత్తితే కాసేపు వెతుక్కుని, ఆ పాటలమ్మాయా అన్నాడు.

"పాపం. ఎన్నిసార్లు చెప్పానో పాడొద్దని. వినిపించుకుంటేనా."

ఆమె కడ్డీ అంది, తీగ అంది. ఆయన అయోమయంగా చూశాడు. ఏ తీగ అన్నాడు. ఆ కళ్ళలో దొంగచూపు కోసం ఎంత వెతికినా దొరకలేదు. ఆయన అబద్ధమాడటం లేదు. తను రాయించిన కాగితాన్ని తనే నమ్మి, ఎప్పుడో నిశ్చింతగా మరిచిపోయాడు. తిట్టడానికి వెళ్ళిన మనిషి, తిట్టు పడడానికి అక్కడ ఎవరూ లేక తిరిగొచ్చింది. భార్య కాబోలు, లోపలినుంచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి వచ్చింది.

భర్త ఎక్కడికి వెళ్ళావని అడిగాడు. చెప్పింది. పోయినోళ్ళు పోయారు, ఉన్న ఆవిడ మనసు ఎందుకు ముక్కలు చేశావన్నాడు. ముక్కలు చేసింది అప్పుడా, ఇప్పుడా అన్నది తేలలేదు ఆమెకు.

లాండ్రీలో గోడమీది బోర్డును ఆమె ఒక పొద్దున కుర్చీ ఎక్కి తీసేసింది. ఎందుకు పెట్టారో తెలిసినవాళ్ళు అప్పటికి ఎవరూ మిగల్లేదు. రోలరు ముందు నోరు తెరిచి, చివర పైకి లేపి పాడటానికి ప్రయత్నించింది. పైకి లేపినప్పుడల్లా మిషనమ్మ గొంతు వస్తోంది, పెరట్లో మట్టిలో పడిన దుప్పటి వస్తోంది. పాత అలవాటున కిందికి దింపితే ఏ గొంతూ రావడం లేదు. పైకే లేపి పాడుకుంటోంది. పిచ్చుక ఒక్కతే రావడం మాత్రం మానేసింది. తల్లిని వెంటబెట్టుకుని గానీ రాదు.

మిషనమ్మ ఉండే వీధిలోంచి వెళ్ళడం మానుకుని, మడతక్క ఆసుపత్రికి చుట్టుదారిన నడుస్తోంది. పావుగంట ఎక్కువ పడుతుంది. ఒకరోజు ఆ దారిలో మిషనమ్మ పక్కింటావిడ ఎదురైంది. ఈ మధ్య రావట్లేదేం అని పలకరించి, జవాబు కోసం చూడకుండా తనే చెప్పుకుపోయింది. ముసలావిడలో ఏం మార్పొచ్చిందో తెలియదట. పొద్దస్తమానం మిషను ముందు కూర్చుని పాడుతోందట, వీధివాళ్ళంతా నివ్వెరపోతున్నారట.

మడతక్క చేతిసంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"మాటలతో పాడుతోందా, ఊరికే రాగమేనా?"

"అవన్నీ నాకేం తెలుసు తల్లీ. గోడ అవతలినుంచి వినపడుతుంది, అంతే. నువ్వే వచ్చి వినరాదూ?"

వస్తానని చెప్పి మడతక్క చుట్టుదారినే ముందుకు నడిచింది.